కనిష్ఠ, గరిష్ఠ ధరలు తెలిస్తే సగటు తెలిసినట్లేనా?

మార్కెట్ యార్డుల ధరల పట్టికలో సరుకు పేరు పక్కన సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. కేంద్ర ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ పట్టికలూ ఈ పద్ధతిలోనే వెలువడుతున్నాయి. కనిష్ఠాన్నీ గరిష్ఠాన్నీ కూడి, సగం చేసి, అదే యార్డు సగటు అనుకొనే వర్తకులు లేకపోలేదు. గుంటూరు మిర్చికి పైఊరి నుంచి "సగటు ధరకు కొనండి" అని ఆర్డరు వస్తే తగాదాకు దారి తీసేది ఈ లెక్కే.

చేతిలో ఉన్న సమాచారం జవాబుకు చాలునా, చాలదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మేనేజిమెంటు కోర్సుల ప్రవేశానికి జరిగే జీమ్యాట్ పరీక్షలో ఈ తరహా ప్రశ్నలు ప్రత్యేకంగా అడుగుతారు. పద్ధతి తేలిక. ఇచ్చిన సంగతులకు సరిపడే రెండు రకాల అంకెలు వేసి చూడాలి. జవాబు మారితే సమాచారం చాలదు. ఏ అంకెలు వేసినా జవాబు మారకపోతేనే చాలును.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకొన్న ధరలే. సమాన తూకం గల ఐదు లాట్లు అమ్ముడైనవి. వ్యాప్తి, అనగా గరిష్ఠ కనిష్ఠాల తేడా, క్వింటాలుకు రూ. 6,000. ఇంతమాత్రాన సగటు తెలియదు. 9,000-15,000 మధ్య అమ్మినా అంతే తేడా, 12,000-18,000 మధ్య అమ్మినా అంతే తేడా.

కనిష్ఠం 12,000, గరిష్ఠం 18,000 అని తెలిసిందనుకుందాం. అప్పుడూ చాలదు. నాలుగు లాట్లు 12,000కే పోయి ఒక్కటి 18,000 పలికితే సగటు 13,200. ఒక్కటే 12,000కు పోయి నాలుగు 18,000 పలికితే సగటు 16,800. తేడా రూ. 3,600. వంద క్వింటాళ్ల మీద ఇది 3 లక్షల 60 వేల రూపాయలు!

ఇప్పుడు మధ్యగతం 15,000 అని కూడా తెలిసింది. ధరలను వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచే ధర మధ్యగతం. దీనితో సగటు 14,400కు తగ్గదు, 15,600ను మించదు. అయినా సగటు ఇంత అని ఖచ్చితంగా చెప్పలేం.

కాని ప్రశ్న మారితే ఇదే సమాచారం చాలవచ్చును. "సగటు 14,000 లోపు పడితేనే కొనండి" అని ఆర్డరు ఉంటే, మధ్యగతం తెలిశాక ఇక లెక్కే అక్కరలేదు. కొనరాదు. కనిష్ఠ, గరిష్ఠాలు మాత్రమే తెలిసి ఉంటే ఈ మాట కూడా చెప్పగలిగేవారం కాము. ఐదు ధరలూ సమానమైన మెట్లుగా పెరిగాయని తెలిస్తే మాత్రం సగం చేసే లెక్క సరిపోతుంది. 12,000, 13,500, 15,000, 16,500, 18,000 అయితే సగటు, మధ్యగతం రెండూ 15,000.

యార్డులో లాట్లన్నీ సమాన తూకంలో ఉండవు. మేలు రకం 10 క్వింటాళ్లు 18,000కు, తాలు కాయలు 90 క్వింటాళ్లు 12,000కు అమ్ముడైతే సగటు 12,600 మాత్రమే. సగం చేసిన వారి లెక్కకు 15,000 వస్తుంది.

పట్టికలోని మూడవ అంకెను కూడా సగటుగా భ్రమపడరాదు. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది చెబుతుంది. మిగిలిన సరుకు ఎంత, ఏ ధరకు పోయింది అన్నది చెప్పదు. అది మధ్యగతమూ కాదు.

సగటుకు నిజంగా చాలిన సంగతులు రెండే. అమ్ముడైన సరుకు మొత్తం విలువ, మొత్తం తూకం. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే సరి. ఒక్కొక్క లాటు ధర తెలియకపోయినా నష్టం లేదు. కనుక "సగటు ధర" మీద ఆర్డరు తీసుకొనే కమీషన్ వర్తకులు, ఏ రకానికి, ఏ రోజు అమ్మకాలకు, ఏ పద్ధతిన కట్టిన సగటో ముందుగానే కాగితం మీద రాయించుకోవడం మంచిది.