లెక్సస్ ఆర్ఎక్స్ అసలు ఎవరి బండి?

లగ్జరీ క్రాసోవర్ల గురించి ఎవరు మాట్లాడినా 1998లో అమెరికా షోరూముల్లోకి వచ్చిన లెక్సస్ ఆర్ఎక్స్ 300 దగ్గరే మొదలుపెడతారు. దాన్ని తయారుచేసింది ఎవరంటే ఒక్కమాటలో జవాబు ఉంది: టొయోటా. లెక్సస్ విడి కంపెనీ కాదు, ఖరీదైన కార్ల కోసం టొయోటా 1989లో అమెరికా మార్కెట్లో మొదలుపెట్టిన విభాగం. అయితే చాలామంది ఈ సంగతిని గుట్టు బయటపెట్టినట్టు చెబుతారు. ఖరీదైన బండి లోపల మామూలు కారు దాగి ఉందనీ, కొన్నవాళ్లు పేరుకే డబ్బు పోశారనీ వాళ్ల ఉద్దేశం. నేను దీన్ని ఒప్పుకోను. లోపల మామూలు కారు ఉండబట్టే ఆర్ఎక్స్ పుట్టింది. టొయోటా లేకపోతే ఆ బండి లేదు.

ఇది తెలియాలంటే బండి కిందికి వంగి చూడాలి. 1990లలో అమెరికాలో ఎస్‌యూవీల మోజు జోరుగా ఉంది. పెద్ద ఎస్‌యూవీలను చాలావరకు లారీని కట్టినట్టే కట్టేవారు: కింద రెండు పొడవాటి ఉక్కు దూలాలతో ఛాసిస్, దానిమీద విడిగా చేసిన బాడీ. రాళ్లదారిలో ఆ కట్టుబడికి తిరుగులేదు. కానీ బరువెక్కువ, ఎక్కాలంటే కాలు బాగా ఎత్తాలి, మలుపులో ఒరుగుతుంది. లెక్సస్ కూడా 1996లో టొయోటా ల్యాండ్ క్రూయిజర్‌కే మెరుగులు దిద్ది ఎల్ఎక్స్ 450 పేరుతో అమ్మింది. ఊళ్లో తిరిగే కుటుంబానికి కావలసింది అది కాదు. మామూలు కారు కట్టుబడి వేరు, అందులో బాడీయే ఛాసిస్ పని కూడా చేస్తుంది. నేల, స్తంభాలు, పైకప్పు కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె బరువంతా మోస్తుంది. 1994లో వచ్చిన చిన్న రావ్4తో టొయోటా ఈ పద్ధతిలో ఎస్‌యూవీ కట్టవచ్చని చూపించింది. 1997 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఎస్ఎల్‌వీ పేరుతో ఆర్ఎక్స్ నమూనాను ప్రదర్శించింది. అమ్మకానికి వచ్చిన బండికి టొయోటా కుటుంబ కారు క్యామ్రీ వర్గం పునాది, అడ్డంగా బిగించిన 3.0 లీటర్ల వీ6 ఇంజను, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ పెట్టారు. ఎత్తులో కూర్చున్నా కారు నడిపినట్టే ఉండటం అక్కడి నుంచి వచ్చింది. ఖరీదైన కార్లు మాత్రమే చేసే చిన్న కంపెనీకి ఇంత పునాది చేతిలో ఉండదు. లక్షల్లో అమ్ముడైన కుటుంబ కారు ఇంట్లో ఉన్నందుకే టొయోటాకు ఇది సాధ్యమైంది.

ఇదంతా టొయోటా దాచిపెట్టిందని చెప్పడమూ సరికాదు. ఇదే బండి జపాన్‌లో 1997 డిసెంబరులోనే టొయోటా హారియర్ పేరుతో వచ్చింది. ముందు గ్రిల్లు మీద మాత్రం టొయోటా గుర్తుకు బదులు గద్ద గుర్తు ఉండేది. లెక్సస్ పేరు జపాన్‌లో అడుగుపెట్టింది 2005లో. అమెరికాలో అమ్మిన ఆర్ఎక్స్ 300 మీద కూడా ఆధారం కళ్లముందే ఉంది. ముందు అద్దం మూలన కనిపించే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య జే, టీలతో మొదలవుతుంది: జే అంటే జపాన్, టీ అంటే టొయోటా. 2003 నుంచి కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో కూడా ఆర్ఎక్స్‌ను తయారుచేశారు. జపాన్ బయట తయారైన మొదటి లెక్సస్ అదే. అక్కడి బండ్లలో జే స్థానంలో కెనడాను సూచించే 2 వచ్చింది, టీ మాత్రం అలాగే ఉంది.

అలాగైతే ఇది బ్యాడ్జీ మార్చి ధర పెంచడమే కదా అని అడగవచ్చు. అలాంటి ప్రయత్నాలు జరగకపోలేదు. 1981లో జనరల్ మోటార్స్ షెవర్లే కావలియర్‌కు తోలు సీట్లు, కాడిలాక్ పేరు తగిలించి సిమరాన్‌గా అమ్మింది. కొనేవాళ్లకు బయట నుంచీ లోపల నుంచీ కావలియరే కనిపించింది. 1988తో దాన్ని ఆపేశారు. రెంటికీ తేడా భాగాలు పంచుకోవడంలో లేదు, ఏ భాగాలు పంచుకున్నారన్నదాంట్లో ఉంది. ఆర్ఎక్స్‌లో కంటికి కనపడని పునాది క్యామ్రీతో కలిసింది. కంటికి కనిపించే బాడీ, కూర్చునే ఎత్తు, లోపలి అమరిక ఈ బండి కోసమే గీసినవి. పునాది మీద మిగిలిన డబ్బు, సమయం వీటికి ఖర్చుపెట్టగలిగారు. పంచుకోవడాన్నే నేరంగా చూస్తే ఈ లెక్క అర్థం కాదు.

మరో ప్రశ్న ఇంకా గట్టిది. గేర్‌బాక్సులు, ఎలక్ట్రానిక్స్, టైర్లు, అద్దాలు ఎన్నో బయటి కంపెనీలు చేసి పంపిస్తాయి. అప్పుడు తయారీదారు ఒక్కరే అని ఎలా అంటాం? బండికి జవాబు చెప్పాల్సింది ఎవరో వాళ్లే తయారీదారు అంటాను. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ ఈఎస్ 350 అదుపు తప్పి నలుగురు చనిపోయారు. ఆర్ఎక్స్ 400హెచ్ కోసం చేసిన రబ్బరు మ్యాట్‌ను అందులో వేశారనీ, యాక్సిలరేటర్ పెడల్ దానికి చిక్కుకుందనీ దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. తర్వాత వచ్చిన రీకాల్‌లో టొయోటా, లెక్సస్ కార్లు రెండూ ఉన్నాయి. 2010 ఫిబ్రవరిలో అమెరికా చట్టసభ కమిటీ ముందు కూర్చుని సమాధానం చెప్పింది టొయోటా అధ్యక్షుడు అకియో టొయోడా. షోరూములో రెండు పేర్లు ఉండవచ్చు, నిలదీసే చోట ఉండేది ఒక్క పేరే.

ఇది మనకు దూరపు విషయం కాదు. పెనుకొండ దగ్గర తయారైన మొదటి తరం కియా సెల్టోస్‌కూ, చెన్నై దగ్గర తయారయ్యే హ్యుందాయ్ క్రెటాకూ పునాది ఒకటే. కియాలో అతిపెద్ద వాటాదారు హ్యుందాయే. ఇలాంటి బండి కొనేటప్పుడు వెనక ఎవరున్నారని అడగడం మంచిదే, కానీ దాంతో ఆగిపోకూడదు. ఏయే భాగాలు ఉమ్మడివి, అదనపు ధర ఏయే భాగాలకు వెళ్లింది, చెడితే బాధ్యత ఎవరిది అన్నవి కూడా అడగాలి. ఆర్ఎక్స్ 300ని ఈ మూడు ప్రశ్నలతో తూచితే అది టొయోటా కారే, అయినా దాని ధరకు లెక్క చెప్పగల కారు.