పసాంగ్ కికులి

పసాంగ్ కికులి (1911 - 1939) షెర్పా జాతికి చెందిన పర్వతారోహకుడు, హిమాలయ యాత్రలలో కూలీల నాయకుడు. ఇతడు 1929 నుండి పదేళ్ళపాటు హిమాలయ, కారకోరం పర్వతాలపై జరిగిన అనేక యాత్రలలో పాల్గొన్నాడు. 1939లో కె2 పర్వతంపై చిక్కుకుపోయిన ఒక అమెరికన్ పర్వతారోహకుని రక్షించే ప్రయత్నంలో మరణించాడు.

నేపథ్యం

షెర్పాలు నేపాల్ ఈశాన్య భాగంలోని సోలు, ఖుంబు ప్రాంతాలవారు. కికులి కూడా ఈ ప్రాంతంలోనే జన్మించాడు. ఆ రోజులలో నేపాల్ విదేశీ యాత్రికులను అనుమతించేది కాదు. అందువలన పని కోరే షెర్పాలు డార్జిలింగ్ చేరేవారు. యాత్రా బృందాలు అక్కడే వారిని కూలికి కుదుర్చుకునేవి. అనుభవజ్ఞుడైన షెర్పాను 'సర్దార్'గా నియమించేవారు. కూలీలకు బరువులు పంచడం, వారిని క్రమశిక్షణలో ఉంచడం, పై శిబిరాలకు సరుకులు సకాలంలో చేరేటట్లు చూడడం సర్దార్ బాధ్యతలు.

పాల్గొన్న యాత్రలు

కికులి తొలి యాత్రలు కాంచనగంగ పైకి సాగాయి. 1933లో ఇతడు బ్రిటిష్ వారి ఎవరెస్టు యాత్రలో పనిచేశాడు. 1934లో విల్లీ మెర్కల్ నాయకత్వాన నంగా పర్బత్‌కు వెళ్ళిన జర్మన్ బృందం ఎత్తైన శిబిరాల వద్ద తుఫానులో చిక్కుకుంది. ఆ తుఫానులో మెర్కల్‌తో సహా ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు మరణించారు. చలికి అవయవాలు దెబ్బతిన్నా, ప్రాణాలతో దిగివచ్చిన కొద్దిమంది షెర్పాలలో కికులి ఒకడు. 1936లో బ్రిటిష్-అమెరికన్ బృందంతో నందాదేవి యాత్రకు, 1938లో ఛార్లెస్ హ్యూస్టన్ నాయకత్వంలోని అమెరికన్ బృందంతో కె2 యాత్రకు వెళ్ళాడు. 1938 యాత్రలో ఇతడే సర్దార్.

1939 కె2 యాత్ర

మరుసటి ఏడు ఫ్రిట్జ్ వీస్నర్ నాయకత్వంలో మరొక అమెరికన్ బృందం కె2 (8,611 మీటర్లు) పైకి వెళ్ళింది. సర్దార్‌గా కికులి మళ్ళీ ఎంపికయ్యాడు. జూలై 19న వీస్నర్, పసాంగ్ దావా లామా శిఖరానికి సుమారు 230 మీటర్ల దిగువ వరకు చేరి వెనుదిరిగారు. ఇంతలో, పైనున్నవారు మరణించి ఉంటారని భావించిన షెర్పాలు కొన్ని శిబిరాల నుండి పడక సంచులను కిందకు తెచ్చివేశారు. వీస్నర్, లామా సహాయం కోసం దిగిరాగా, డడ్లీ వూల్ఫ్ అనే సభ్యుడు ఏడవ శిబిరంలో ఒంటరిగా మిగిలిపోయాడు.

రక్షణ ప్రయత్నం, మరణం

జూలై 28న కికులి, ట్సెరింగ్ అనే షెర్పాతో కలిసి మూలశిబిరం నుండి బయలుదేరి, సుమారు 2,100 మీటర్ల ఎత్తును ఒక్కరోజులో ఎక్కి ఆరవ శిబిరం చేరాడు. దారిలో నాలుగవ శిబిరం వద్దనున్న కిటార్, ఫిన్సూ వీరితో కలిశారు. మరునాడు ట్సెరింగ్ ఆరవ శిబిరంలో ఉండగా మిగిలిన ముగ్గురూ వూల్ఫ్‌ను కలుసుకున్నారు. అగ్గిపుల్లలు అయిపోవడంతో మంచు కరిగించుకునే వీలు లేక అతడు మిక్కిలి నీరసించి ఉన్నాడు. షెర్పాలు టీ కాచి ఇచ్చి లేవదీసినా నడవలేక, మరునాడు రమ్మని కోరాడు. రాత్రి ఉండడానికి సాధనాలు లేక వారు కిందకు దిగారు. 30న తుఫాను అడ్డుపడింది. 31న ముగ్గురూ మళ్ళీ పైకి బయలుదేరి తిరిగి రాలేదు. ట్సెరింగ్ వేచి చూచి, ఆగస్టు 2న ఒంటరిగా దిగివచ్చి ఈ వార్త తెలిపాడు. కె2 పై నమోదైన తొలి మరణాలు ఈ నలుగురివే. వూల్ఫ్ అవశేషాలు 2002లో లభించాయి.

ప్రాముఖ్యత

తొలినాటి యాత్రా గ్రంథాలను ఎక్కువగా విదేశీ సభ్యులే రచించినందున షెర్పాల మాటలు వాటిలో తక్కువగా కనిపిస్తాయి. కూలికి కుదిరినవారికి తోటివారి కోసం ప్రాణాపాయానికి సిద్ధపడాలన్న నిబంధన ఏదీ లేదు. నంగా పర్బత్‌పై తుఫాను ఎంత ప్రాణాంతకమో స్వయంగా చూచినవాడై ఉండి కూడా కికులి రెండవసారి పైకి వెళ్ళాడు. అందుచేతనే పర్వతారోహణ చరిత్రలో ఇతని పేరు గౌరవంతో స్మరింపబడుతున్నది.