కారుకూ ఒక పరీక్ష

పిల్లలూ! మీకు ఏడాది చివర పరీక్షలున్నట్టే మోటారు కార్లకు కూడా ఒక పరీక్ష ఉన్నది. మన తెలుగు రాష్ట్రాలలో సొంత కారుకు చేయించిన రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరవాత కూడా దాన్ని రోడ్డుమీద తిప్పాలంటే రవాణా శాఖవారికి చూపించాలి. బండి తిరగటానికి పనికివస్తుందని వారు ఒప్పుకుంటే మరో 5 ఏళ్ళు గడువిస్తారు. దీన్నే జనం "ఎఫ్.సి. చేయించటం" అంటారు. చూసే అధికారిని "బ్రేకు ఇన్‌స్పెక్టరు" అంటారు.

పాత డీజిలు కార్లు ఈ పరీక్షలో ఎక్కడ తప్పుతాయో చూద్దాం.

మొదటిది పొగ. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి మంట రాజేస్తారు. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం మీరెరుగుదురు గదా! డీజిలు ఇంజను గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కివేస్తుంది. ఆ గాలి ఎంతగా కాగుతుందంటే, అందులోకి డీజిలును మంచుతుంపరలాగా చిమ్మగానే అది తనంతట తానే మండుతుంది.

డీజిలు చిమ్మే నాజిళ్ళు అరిగితే తుంపరకు బదులు బొట్లు పడతాయి. బొట్టు పూర్తిగా మండదు. మండనిది మసి అవుతుంది. గాలి వడకట్టే ఫిల్టరు దుమ్ముతో పూడిపోయినా అంతే. గాలి చాలని పొయ్యి పొగ చిమ్మదూ? నల్లపొగకు కారణాలివి. పొగ నీలంగా వస్తే, లోపలి భాగాలు అరిగి ఇంజను ఆయిలు కూడా మండిపోతున్నదన్న మాట.

పొగను కొలవటానికి ఒక సాధనం ఉన్నది. దానిలో పొగకు ఒక పక్క దీపం, మరొక పక్క వెలుతురును కొలిచే పరికరం ఉంటాయి. పొగ ఎంత చిక్కగా ఉంటే వెలుతురు అంత తక్కువగా అందుతుంది.

రెండోది బ్రేకు. బ్రేకు తొక్కేటప్పుడు డ్రైవరు కాలి బలానికి తోడుగా ఒక గుండ్రని రేకు డబ్బాలోని శూన్యం సాయపడుతుంది. పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు ఆ శూన్యం దానంతట అదే ఏర్పడుతుంది. డీజిలు ఇంజనులో అలా ఏర్పడదు. అందుకోసం వేరే ఒక చిన్న పంపు పెడతారు. ఏళ్ళు గడిచి ఆ పంపు అరిగినా, దాని రబ్బరు గొట్టం పగిలినా బ్రేకు రాయిలాగా బిగుసుకుంటుంది. ఎంత బలంగా తొక్కినా కారు ఆగవలసిన చోట ఆగదు.

మూడోది టైర్లు. పాత డీజిలు ఇంజను బరువైనది; ఆ బరువంతా ముందు చక్రాలమీదా, వాటి కీళ్ళమీదా పడుతుంది. టైరు గాడులలో వాననీరు పక్కకు పోతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకన్న తగ్గితే తడిరోడ్డుమీద బండి జారుతుంది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లకు సమమైతే దాన్ని మార్చవలసిందే.

ఇక లైట్లు. ఒక లైటు ఆరిపోయిన కారు చీకట్లో ఎదుటివారికి స్కూటరు లాగా కనబడుతుంది. ఎంత ప్రమాదమో ఆలోచించండి!

కొందరు పరీక్షనాటికి మంచి టైర్లు అరువు తెచ్చి బిగిస్తారు; మర్నాడు మళ్ళీ పాతవే. పొగ తగ్గటానికి ఆ ఒక్కరోజుకు డీజిలు తగ్గించి వేస్తారు. ఇది పక్కవాడి జవాబులు చూసి రాయటం వంటిదే. చూసి రాసినవాడు తన చదువునే పాడుచేసుకుంటాడు. కాని ఈ పనివల్ల ఏ పాపమూ ఎరగని వారు దెబ్బతింటారు. ఇన్‌స్పెక్టరు బండిని చూసేది ఒక్క పూట. బంతి వెంట రోడ్డుమీదికి పరుగెత్తివచ్చే పిల్లవాడు ఏ రోజున వస్తాడో ఎవరికి తెలుసు?

మీ ఇంట్లో పాత కారు ఉంటే ప్రయాణానికి ముందు నాన్నగారితో కలిసి చుట్టూ ఒకసారి తిరగండి. టైరు గాడులు చూడండి. లైట్లన్నీ వేయించి చూడండి. వెనక నిలబడి పొగ రంగు చూడండి. పొగ మాత్రం పీల్చకండి. ఇంజను నడుస్తుండగా బ్రేకు మెత్తగా దిగుతున్నదా అని నాన్నగారిని అడగండి. ఏది తేడాగా ఉన్నా, ఎఫ్.సి. గడువు ఇంకా ఎన్నాళ్ళున్నా సరే, మెకానిక్కు దగ్గరికి వెళ్ళవలసినది ఆరోజే.