కవి వార్ధక్యము - యశఃకాయము

దేహమునకు జర తప్పదు. కవి విషయమున ఈ నియమము మఱింత కఠినముగా తోచును. భాష పూర్తిగా వశమగునప్పటికి దేహము సడలుచుండును. కృతియందైనను తాను నిలువవలెనను కాంక్షకు ఇదియే మూలము. రససిద్ధులైన కవీశ్వరులకు యశోరూపమైన కాయమొకటి కలదనియు, దానికి జరామరణభయము లేదనియు భర్తృహరి నీతిశతకమున చెప్పెను. అయితే ఆ కాయము దేని నాశ్రయించి నిలుచును?

ఐర్లండు కవి యేట్సు 60 ఏండ్లు దాటిన పిమ్మట రచించిన 'సెయిలింగ్ టు బైజాంటియం' 1928 నాటి 'ది టవర్' సంపుటమున చేరినది. వృద్ధదేహమును విడిచి, గ్రీకు స్వర్ణకారులు మలచిన బంగారు రూపము దాల్చి గానము చేయవలెనని అందలి కవి కోరును. పుట్టినది నశించును గాని లోహమున మలచినది నిలుచునను విశ్వాసమే ఈ కోరికకు ఆధారము.

లోహమునకైనను ఆయుఃపరిమితి కలదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరమువారు ఈ సంగతి నెఱుగుదురు. అచట తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారమున తయారగు రైలుపట్టాలు దేశమంతట పఱచబడినవి. బండ్లు నడచినకొలది పట్టా అరుగును. అరిగినది తుక్కై మరల కరగుటకు పోవును.

గుఱ్ఱం జాషువా 1932 నాటి 'ఫిరదౌసి' కావ్యమున లోహమును, అక్షరమును ఎదురెదుర నిలిపెను. పద్యమునకొక బంగారు నాణెమిత్తునన్న గజనీ మహమ్మదు మాటను నమ్మి ఫిరదౌసి 30 ఏండ్లు షానామా రచించెను. కృతి ముగియునప్పటికి కవి వృద్ధుడు. అందినవి వెండి నాణెములు. తుదకు బంగారము వచ్చునప్పటికి కవి లేడు. ఈ కథలో ఐతిహ్యము పాలు అధికము. షానామా మాత్రము 1010లో ముగిసి నేటికిని పారసీకుల నోట నిలిచియున్నది. రాజునకు శిల దిక్కు, కవికి ప్రజల వాక్కు దిక్కని జాషువా నిర్ణయము. అస్పృశ్యతాబాధ ననుభవించిన ఆయనకు అమరత్వకాంక్ష కేవలము కీర్తిదాహము కాదు. లోకము ఈయని న్యాయమును కాలము నడుగుట.

ఈ నిర్ణయమున ఒక భయమును కలదు. వాక్కే ఆశ్రయమైనచో, అది ఆగిన చోట యశఃకాయమునకును జర సోకును. ఉద్యోగార్థమై భిలాయి చేరిన తెలుగు కుటుంబములలో పద్యములు కంఠస్థములైన పెద్దలు వృద్ధులైనారు. హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకొను మనుమనికి తెలుగు లిపి రాక, వినిపించువారును లేనిచో, ఆ పద్యము ఆ యింట తాతతోనే ముగియును. మనుమడు దానిని విని, అర్థమడిగి, తప్పులతోనైనను తిరిగి చెప్పినచో కవికి మఱియొక తరము ఆయువు.

కావున అమరత్వమును కోరు రచయిత అచ్చుపుస్తకముతో తృప్తిపడరాదు. వినినవారి నోట నిలుచునట్లు వ్రాయుట ఒక కర్తవ్యము. తనకు ముందటి కవిని ఒక బాలుని నోటికి అందించుట రెండవది.