కొత్త డబ్బాకు చట్టం, పాత గోడకు ఏదీ?

వేసవి సెలవులలో రాజధానిలోని పాఠశాలలకు రంగులు వేయడం పరిపాటి. పనివారు పాత రంగును గరుకు కాగితంతో రుద్దుతారు. లేచిన ధూళి కిటికీ గట్లమీద, బల్లలమీద, నేలమీద పేరుకుంటుంది. ఒకసారి ఊడ్చి బడి తెరుస్తారు. ఆ ధూళిలో సీసం ఉన్నదో లేదో పరీక్షించిన పాఠశాల ఒక్కటీ ఇంతవరకు నా కంటబడలేదు.

చట్టం లేదనడానికి వీలులేదు. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2016 నవంబరులో నిబంధనలు ప్రకటించింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. మెచ్చదగిన చర్యే. కాని అవి దుకాణంలోని డబ్బాను గురించిన నిబంధనలు; గోడను గురించినవి కావు. అంతకు పూర్వం పూసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల పొరలు నేటికీ ఎన్నో తలుపులను, కిటికీ ఊచలను అంటిపెట్టుకొనే ఉన్నాయి.

సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మింగిన సీసాన్ని పసివారి దేహం పెద్దలకంటె నాలుగైదు రెట్లు అధికంగా గ్రహిస్తుంది. పాకే బిడ్డ చేయి నేలనుంచి నోటికి పోవడానికి క్షణం చాలు. హాని వెంటనే పైకి తెలియదు. చదువులో వెనుకబాటుగా తరువాత బయటపడుతుంది. అప్పుడు మనం బిడ్డనే నిందిస్తాం. దేశంలో దాదాపు 27 కోట్ల 50 లక్షల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉన్నదని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు అంచనా కట్టాయి. పాత బ్యాటరీలను కరిగించే కొలుములకు, కల్తీ మసాలాలకు కూడా ఇందులో పాలున్నది. నేరమంతా రంగులదే కాదు.

పరీక్ష బ్రహ్మవిద్య ఏమీ కాదు. కొలిచిన ఒక చదరపు అడుగు నేలను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్రయోగశాలకు పంపడమే. ఇళ్ల రంగులలో సీసాన్ని 1978లో నిషేధించిన అమెరికా పాత భవనాలను మరువలేదు. శుద్ధి తరువాత నేలమీద మిగలదగిన సీసం పరిమితిని చదరపు అడుగుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ 2024లో నిబంధన వెలువరించింది.

మన ప్రభుత్వం ముందుగా చేయదగినవి రెండు: గోడను తడిపిన తరువాతనే గీకాలని ఆదేశించడం; 2017కు ముందు రంగులు వేసిన అంగన్‌వాడీలలో, పాఠశాలలలో పిల్లలు తిరిగి అడుగుపెట్టకముందే ధూళిని పరీక్షించడం. గోడ విద్యాశాఖది, రంగు పర్యావరణ శాఖది అయినప్పుడు, ధూళి ఎవరిదో తేల్చవలసిన బాధ్యత ఢిల్లీ పెద్దలదే.