పాళ్లు చెప్పి పచ్చడి అమ్మినట్లు...!

పచ్చళ్లు అమ్ముకుని బతికే ఇల్లాలు కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు కాగితంపై రాసి వాకిట్లో అంటిస్తే ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "రేపటి నుంచి నీ దగ్గర కొనేదెవరే పిచ్చితల్లీ!" అని మందలిస్తారు. సరిగ్గా ఆ పనే చేసి, ఏళ్ల తరబడి ఆ వృత్తిలోనే నిలిచిన వ్యక్తి పాల్ డేవిస్. ఆయన తయారు చేసింది పచ్చడి కాదు, పాటలు రికార్డు చేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. దాని పేరు ఆర్డౌర్.

అమెరికాలో అమెజాన్ సంస్థ తొలి ఉద్యోగుల్లో ఒకరుగా ప్రోగ్రాములు రాసిన డేవిస్, ఆ కొలువు వదిలిన తర్వాత 1999 చివరలో ఈ పనికి పూనుకున్నారు. గాత్రం ఒక వరుసలో, మృదంగం మరో వరుసలో, వయొలిన్ ఇంకో వరుసలో ఎక్కించి, హెచ్చుతగ్గులు సరిచేసి, అన్నింటినీ కలిపే పని అది. ఒకప్పుడు స్టూడియోల్లో పెద్ద పెద్ద టేపు యంత్రాలతో జరిగిన పని. లినక్స్‌తో నడిచే కంప్యూటర్లకు అప్పట్లో ఇటువంటి సరైన సాధనం లేదు.

తాళం వేయాలా, తీయాలా?

సాఫ్ట్‌వేర్‌కు రెండు రూపాలుంటాయి. మనిషి రాసేది, చదవగలిగేది సోర్సు కోడ్. యంత్రం నడిపేది తయారైన సరుకు. అమ్మకందార్లు సాధారణంగా సరుకు ఇచ్చి, కోడ్ దాచుకుంటారు. దాచుకుంటే అమ్మకం తేలికే. కానీ రాసినవాడు పని మానేస్తే కొన్నవారికి దిక్కుండదు. తెరిచి ఇస్తే నలుగురూ తప్పులు పట్టి దిద్దుతారు. అయితే ఎవరైనా సరుకు తయారు చేసి ఉచితంగా పంచవచ్చు. అప్పుడు రాసినవాడి ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

డేవిస్ తెరిచి ఇవ్వడానికే నిశ్చయించుకున్నారు. అలాగని షరతు లేకుండా ఇవ్వలేదు. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇచ్చారు. విత్తనం ఇచ్చి, "నీ పొలంలో బాగుచేసుకో, కానీ మరొకరికి ఇచ్చేటప్పుడు దాన్ని పండించే కిటుకు కూడా చెప్పి, నీకున్న హక్కులే వారికీ ఇవ్వాలి" అన్నట్లుంటుంది ఆ ఒప్పందం. అమ్ముకోవడాన్ని అది కాదనదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒకసారి అలా ఇచ్చిన కూర్పును వెనక్కి తీసుకోవడం కుదరదు. పైగా ఇతరులు రాసిన భాగాలు వచ్చి చేరాక, వారి సమ్మతి లేకుండా షరతులు మార్చడం కష్టం. కనుక ఆలోచన ఏదైనా తెరవకముందే చేసుకోవాలి.

పొయ్యి వెలిగిందిలా...

డేవిస్ కోడ్‌ను ఉచితంగా ఉంచి, వెంటనే వాడుకోదగ్గ సరుకుకు సొమ్ము అడిగారు. ఇవ్వగలిగినంత ఇవ్వమన్నారు. నెలకు ఒక డాలరు చందా కట్టినా చాలన్నారు. పైసా ఇవ్వనివారికి దొరికే నమూనా కాసేపు పలికి మూగబోతుంది. ఓపిక ఉన్నవారు కోడ్ నుంచి స్వయంగా తయారు చేసుకోవచ్చు. అడ్డు లేదు. అయితే అందుకు సమయం, నేర్పు కావాలి. అవి లేనివారే కొనుగోలుదార్లు. ఇదే పునాదిపై 2009లో హారిసన్ కంపెనీ మిక్స్‌బస్ అనే సాధనాన్ని ధర పెట్టి విడుదల చేయడం గమనార్హం.

తెరిచి ఇచ్చినదానివల్ల వాడేవారికి ఒరిగేదేమిటో ఆడాసిటీ ఉదంతం చెబుతుంది. ధ్వనిని కత్తిరించి అతికే ఈ సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టగా, 2000లో అందరికీ అందింది. 2021లో అది మ్యూజ్ గ్రూప్ చేతికి వచ్చింది. వాడకం వివరాలు సేకరించాలన్న ప్రతిపాదనపై పెద్ద దుమారం రేగింది. ఆ ప్రతిపాదన విరమించుకున్నారు. అయినా అనుమానం తీరనివారు అదే కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టారు. తాళం వేసిన సరుకైతే అరవడం తప్ప వారు చేయగలిగిందేమీ ఉండేది కాదు.

పాళ్లు తెలిసినంత మాత్రాన అందరూ జాడీ కడిగి కూర్చోరు. తీరిక లేనివారు, చేయి తిరగనివారు కొంటూనే ఉంటారు. ఎంతమంది కొంటారో ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు మాత్రం లేడు. ఆ ధీమా లేకుండానే వాకిట్లో కాగితం అంటించిన సాహసం డేవిస్‌ది.