పిల్ల బెదురుతోందా? పాఠాలు పెద్దలకు కావాలి!

అంగన్‌వాడీ గుమ్మం దగ్గర అమ్మ కొంగు వదలని నాలుగేళ్ల పిల్ల ప్రతి ఊళ్లోనూ వుంటుంది. ఇంటికి కొత్త మనిషి వస్తే తలుపు చాటుకు చేరుతుంది. "జడుసుకుంది" అని అంత్రం కట్టిస్తారు. అంత్రం వల్ల హాని లేదు. దానితోనే సరిపెట్టుకోవడం వల్ల వుంది.

కొందరు పిల్లలది పుట్టుకతోనే బెరుకు స్వభావం. అది జబ్బు కాదు, తల్లి తప్పూ కాదు. అయితే తెలియక దాన్ని పెంచేది మనమే. ఎవరైనా "నీ పేరేమిటమ్మా?" అంటే పిల్ల నోరు తెరవకముందే తల్లి జవాబు చెప్పేస్తుంది. బడికి పోనని ఏడిస్తే "రేపు పోదువులే" అంటుంది. ఆ పూటకు ఏడుపు ఆగుతుంది. భయపడితే తప్పించుకోవచ్చునన్న పాఠం మాత్రం పిల్లకు బాగా వంటబడుతుంది.

ఆస్ట్రేలియాలో రాన్ రాపీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇలాంటి 146 మంది పిల్లలను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. పాఠాలు చెప్పింది పిల్లలకు కాదు, తల్లిదండ్రులకు! ఒక వర్గం వారిని గుంపుగా కూర్చోబెట్టి, గంటన్నర చొప్పున ఆరు తరగతులు నడిపారు. ఏడాది తర్వాత చూస్తే, వారి పిల్లల్లో ఆందోళన జబ్బులు తక్కువగా కనిపించాయి. బెరుకు స్వభావం మాత్రం అంతగా మారలేదు. పిల్ల సిగ్గరిగానే వుండవచ్చు, బడికి మాత్రం పోతుంది. మనకు కావలసిందీ అదే కదా!

పలకలకు పేరుపడ్డ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు ఇది మరీ అవసరం. వానలు లేని ఏడు తల్లిదండ్రులు పనులకు వలసపోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర వుండిపోతారు. కనుక అవ్వలను కూడా పిలవండి. పొదుపు సంఘం కూడిన రోజున అయిదారుగురు తల్లులు, అంగన్‌వాడీ టీచరు కలిసి కూర్చుంటే చాలు. "మాదీ అంతేనమ్మా" అన్న మాట వినగానే తల్లికి సగం బరువు దిగుతుంది.

భయాన్ని మెట్లుగా విడగొట్టాలి. మొదట రెండు రోజులు తల్లి బడి లోపల పిల్ల పక్కనే కూర్చోవాలి. తర్వాత అరుగు మీద. ఆ తర్వాత "అన్నం వేళకు వస్తాను" అని చెప్పి వెళ్లాలి, ఆ వేళకు తప్పక రావాలి. చెప్పకుండా జారుకుంటే మర్నాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క మెట్టు ఎక్కినా మెచ్చుకోండి. "బూచాడొస్తాడు", "డాక్టరు సూది వేస్తాడు" అనే బెదిరింపులు ఇంట్లో ఎవ్వరూ అనరాదు. (ఆ రెండో మాటతో మా పని ఎంత కష్టమవుతుందో చెప్పలేను.)

నెల దాటినా బయట ఒక్క మాటా పలకకపోయినా, తిండి, నిద్ర తగ్గినా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.